రెండుసార్లు వెనక్కి పంపారు, మూడోసారి ఆర్మీ భర్తీ ర్యాలీకి వెళ్లాలా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకూ అర్థం కావాలి కాబట్టి నువ్వు చెప్పింది ముందు నాలుగు ముక్కల్లో పెడతాను. నీకు 20 నిండాయి. ఆర్మీలో నాలుగేళ్ల సిపాయి ఉద్యోగమైన అగ్నివీర్ జనరల్ డ్యూటీకి మొదటి ఏడాది ఆన్‌లైన్ పరీక్షలోనే పోయావు. రెండో ఏడాది పరీక్ష గట్టెక్కి గ్రౌండ్‌కి, అంటే ర్యాలీకి వెళ్లావు. 1600 మీటర్లు 5 నిమిషాల 41 సెకన్లలో పరిగెత్తి, బీమ్ (కడ్డీకి వేలాడి పైకి లేవడం, పుల్‌అప్స్) 7 కొట్టావు. మెడికల్‌లో ఎడమ చెవి కర్ణభేరికి రంధ్రం ఉందనీ, తొడల మధ్య తామర ఉందనీ అన్‌ఫిట్ రాశారు. రివ్యూకి, అంటే మళ్లీ చూపించుకోవడానికి మిలిటరీ హాస్పిటల్‌కి వెళ్లమని స్లిప్ ఇస్తే, "రివ్యూ అంతా ఉత్తుత్తిదే" అని ఎవరో అన్న మాట పట్టుకుని వెళ్లలేదు. ఇప్పుడు నాన్న ఇక చాలంటున్నారు. మీకు తెలిసినాయన ఒకడు మూడు లక్షలిస్తే పని చేయిస్తానంటున్నాడు. ఇంకోసారి వెళ్లాలా, వదిలేయాలా అన్నది నీ ప్రశ్న.

వెళ్లు. కానీ ఇప్పుడు నువ్వు తయారవుతున్న పద్ధతిలో వెళ్తే మళ్లీ అక్కడి నుంచే తిరిగొస్తావు. నువ్వు రాసినదాంట్లో నన్ను కంగారు పెట్టింది ఒక్క వాక్యమే: "ఈసారి రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తైనా సాధిస్తా అన్నా." నిన్ను వెనక్కి పంపింది పరుగు కాదు కదయ్యా. చెవి. పది కాదు, ఇరవై కిలోమీటర్లు పరిగెత్తినా కర్ణభేరి రంధ్రం పూడదు.

నా సంగతి చెప్తాను. నేను మూడోసారికి భర్తీ అయినవాణ్ణే. ఇరవై రెండేళ్ల సర్వీసు చేసి హవల్దార్‌గా ఇంటికొచ్చాను. మొదటిసారి నేను పరుగు దాకా కూడా వెళ్లలేదు. టెన్త్ మెమోలో ఒక పేరు, నివాస ధ్రువపత్రంలో ఇంకో పేరు ఉందని కాగితాలు చూసే చోటే పక్కన నిలబెట్టేశారు. ఇంటికొచ్చి ఏం చేశాను? కసిగా పరుగు పెంచాను! ఆ కాగితం సంగతి మాత్రం ఆరు నెలలు ముట్టుకోలేదు. ఎందుకంటే పరిగెత్తడం మగతనంగా అనిపించేది, ఆఫీసు చుట్టూ తిరగడం నామోషీగా అనిపించేది. రెండోసారి కాగితాలు సరిచేసుకునే వెళ్లాను గానీ, ఈల వినగానే పందెం కోడెలా దూకి మూడో రౌండ్‌లో చతికిలపడ్డాను. ఫెయిలైన కుర్రాళ్లలో చాలామంది ఇదే చేస్తారు. దెబ్బ ఒకచోట తగిలితే మందు ఇంకోచోట రాస్తారు.

అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లని నేను అడిగే మొదటి ప్రశ్న "ఎన్నిసార్లు పోయింది" అని కాదు, "ఏ గేటు దగ్గర పోయింది" అని. పరీక్ష, గ్రౌండ్, కొలతలు, కాగితాలు, మెడికల్. వీటిలో ఒక్కోదానికి ఒక్కో మందు. కొన్నింటికి మందే లేదు, అది కూడా ముందే తెలుసుకోవాలి.

నీ విషయంలో మెడికల్ నుంచే మొదలుపెడదాం. రివ్యూకి వెళ్లకపోవడం నువ్వు చేసిన అతి పెద్ద తప్పు. తిట్టాలని కాదు, చదివే మిగతావాళ్ల కోసం చెప్తున్నాను. ర్యాలీలో మెడికల్ చూసే డాక్టర్‌కి రోజుకి వందలమంది. అనుమానం ఉన్న ప్రతి కేసునూ ఆయన స్పెషలిస్ట్‌కి పంపిస్తాడు. అక్కడ చెవి డాక్టర్ వేరు, కంటి డాక్టర్ వేరు, ఎముకల డాక్టర్ వేరు, తీరిగ్గా చూస్తారు. ర్యాలీలో అన్‌ఫిట్ అని రాసినవాళ్లు రివ్యూలో ఫిట్ అయి ట్రైనింగ్‌కి వెళ్లడం నేను కళ్లారా చూశాను. స్లిప్ మీద రాసిన గడువులోపల వెళ్లాలి, అంతే. గడువు దాటితే ఆ తలుపు మూసేసినట్టే. మీలో ఎవరికైనా స్లిప్ చేతికొస్తే ఇంటికి పోయి నలుగురిని సలహా అడగొద్దు, నేరుగా దాని మీద రాసిన హాస్పిటల్‌కి పోండి.

సరే, అయిపోయింది. గతేడాది అన్‌ఫిట్ అన్నారు కాబట్టి ఈ ఏడాది అప్లై చేయనివ్వరేమో అని భయపడుతున్నావు. అలా ఉండదు. ప్రతి ఏడాదీ అప్లికేషన్ కొత్తది, పరీక్ష కొత్తది, మెడికల్ కూడా మొదటి నుంచి చేస్తారు. అయితే చెవి అదే స్థితిలో ఉంటే రాతా అదే.

కాబట్టి ఈ వారమే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లు. మూడు సంగతులు అడుగు. రంధ్రం ఎంత ఉంది? చెవి పొడిగా ఉందా, లోపల చీము ఉందా? వినికిడి ఎంత ఉంది? మూడోదానికి ఆడియోమెట్రీ అనే పరీక్ష చేస్తారు. దెబ్బ తగలడం వల్లో, పుల్ల గుచ్చుకోవడం వల్లో పడిన చిన్న రంధ్రాలు కొన్ని నెలల్లో వాటంతటవే పూడిపోవచ్చు. చిన్నప్పటి నుంచి చెవి కారుతూ ఉంటే మాత్రం అది వేరే కథ, టింపనోప్లాస్టీ అనే ఆపరేషన్ చెప్పవచ్చు. ఆపరేషన్ తర్వాత పొర అతుక్కుని గట్టిపడటానికి నెలలు పడుతుంది. ర్యాలీకి నెల ముందు హడావిడిగా చేయించుకుంటే కుట్లు, కట్లతో వెళ్లి నిలబడతావు, అది ఇంకా దండగ. అందుకే ఈ వారం అన్నాను. ఇంకో మాట. ఆపరేషన్ చేయించుకుంటే ఫిట్ ఇచ్చేస్తారని నేను హామీ ఇవ్వను. పూర్తిగా మానిందా, వినికిడి సరిగా ఉందా అని మిలిటరీ డాక్టర్ చూసుకుని రాస్తాడు. కానీ రంధ్రం ఉన్న చెవిని ఉద్యోగం వచ్చినా రాకపోయినా బాగు చేయించుకోవాల్సిందే. అదేదో ఆర్మీ కోసమే అనుకోకు. డాక్టర్ చెప్పేదాకా చెవిలోకి నీళ్లు పోనివ్వకు, ఈత మానెయ్. మానుతున్న రోజుల్లో పరుగు ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా ఆయన్నే అడుగు, నన్ను కాదు.

తామర నీకు చిన్న విషయంగా కనబడుతోంది. నాకు అలా కనబడటం లేదు. గ్రౌండ్‌లో తడి చెమట షార్ట్‌తో గంటలు గడిపే కుర్రాళ్లలో చాలామందికి ఇది ఉంటుంది. అందరూ ఒకటే పని చేస్తారు. మందుల షాపుకెళ్లి "దురదకి క్రీమ్" అంటారు. వాడు ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజుల్లో దురద తగ్గుతుంది, ఎరుపు పోతుంది, తగ్గిందని ఆపేస్తారు. నెలకి రెట్టింపై తిరిగొస్తుంది, చర్మం పల్చబడి ముదురుతుంది. స్కిన్ డాక్టర్ రాసిన మందు ఆయన చెప్పినన్ని వారాలు వాడాలి. మచ్చ కనబడకపోయినా వాడాలి. తువ్వాలు, లోదుస్తులు ఎవరితోనూ పంచుకోకు. వేడినీళ్లతో ఉతికి ఎండలో ఆరెయ్.

ఇక ఇది చదివే ఇతరుల కోసం మెడికల్ గురించి ఇంకో నాలుగు మాటలు. సరిచేసుకోగలిగినవి చాలా ఉంటాయి: చెవిలో గులిమి, పుచ్చిన పళ్లు, హైడ్రోసీల్ (బుడ్డ), వేరికోసీల్ (వృషణాల దగ్గర ఉబ్బిన నరాలు), పైల్స్, ముక్కు దూలం వంకర. గులిమి ఈఎన్‌టీ దగ్గరే తీయించుకోండి, ఇంట్లో పిన్నీసుతో కాదు. పళ్లకు పాయింట్లు లెక్కేస్తారు, కనీసం 14 ఉండాలి. పుచ్చినవి ముందే ఫిల్లింగ్ చేయించండి. గ్రౌండ్‌కి వెళ్లే రోజు ఎనర్జీ డ్రింకులు తాగి, రాత్రంతా నిద్రలేక, మెడికల్‌లో బీపీ ఎక్కువుందని ఏడ్చేవాళ్లని చూశాను. ఫ్లాట్‌ఫుట్ అని భయపడేవాళ్లు ఒక పని చేయండి. మునివేళ్ల మీద లేచి నిలబడండి. అప్పుడు పాదం కింద వంపు వస్తుంటే అది మెత్తటి ఫ్లాట్‌ఫుట్, దానికి సాధారణంగా అభ్యంతరం పెట్టరు. వంపు రాకుండా పలకలాగే ఉంటే అది సమస్య.

సరికానివి కూడా ఉన్నాయి. రంగులు గుర్తించలేకపోవడం పుట్టుకతో వచ్చేది, దానికి మందు లేదు. చుక్కల పుస్తకంలో అంకెలు బట్టీ కొట్టి వెళ్లినవాడు వేరే పరీక్షలో దొరికిపోతాడు. మోచేతి వంపు ఎక్కువుంటే బకెట్లో ఇసుక పోసి వేలాడదీస్తే తగ్గుతుందని కుర్రాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటారు. ఎముక అమరికది, బకెట్‌తో మారదు, భుజం మాత్రం పాడవుతుంది. మోకాళ్లు రాసుకునేవాళ్లకూ అంతే. ఇంకా పెరిగే వయసు దాటాక వ్యాయామంతో ఎముక తిరగదు. లావు తొడల వల్ల అలా కనబడుతుంటే బరువు తగ్గితే కొంత తేడా ఉంటుంది, అంతవరకే. పచ్చబొట్టు విషయంలో కూడా నియమం ఉంది. మోచేతి లోపలి నుంచి మణికట్టు దాకా లోపలి వైపు, లేదా అరచేతి వెనక మాత్రమే అనుమతి. గిరిజన సంప్రదాయ పచ్చబొట్లకు వేరే సడలింపు ఉంది. మెడ మీద లవర్ పేరు వేయించుకుని నా దగ్గరికి రావద్దు, నేనేం చేయలేను.

ఇప్పుడు గ్రౌండ్. నీ లెక్క ఒకసారి చూద్దాం. 5:30 లోపు వస్తే 60 మార్కులు, 5:31 నుంచి 5:45 లోపు అయితే 48. ఇటీవలి నోటిఫికేషన్లలో 6:00 దాకా 36, 6:15 దాకా 24 కూడా ఇస్తున్నారు. బీమ్ 10కి 40 మార్కులు, 9కి 33, 8కి 27, 7కి 21, 6కి 16. తొమ్మిది అడుగుల గొయ్యి దూకడం, జిగ్‌జాగ్ బ్యాలెన్స్ మీద నడవడం, రెండూ పాసైతే చాలు. అంటే నీకు వచ్చినవి 48 ప్లస్ 21, మొత్తం 69. పరుగులో 11 సెకన్లు తగ్గిస్తే 12 మార్కులు పెరుగుతాయి. బీమ్ మూడు పెంచితే 19 పెరుగుతాయి. నువ్వేమో తెల్లారి లేస్తే పరుగు, సాయంత్రం పరుగు అంటున్నావు! నీకు ఎక్కువ మార్కులు ఆ ఇనుప కడ్డీ దగ్గరున్నాయి.

బీమ్ ఎలా లెక్కిస్తారో ర్యాలీ డ్యూటీలో పక్కన నిలబడి చూశాను. చేతులు పూర్తిగా చాచి వేలాడాలి, గడ్డం కడ్డీ పైకి రావాలి, మళ్లీ పూర్తిగా దిగాలి. కాళ్లు ఊపి ఎగిరితే లెక్కలోకి రాదు. ఇంటి దగ్గర పన్నెండు కొట్టేవాడు అక్కడ ఏడు దగ్గర ఆగిపోవడానికి కారణం సగం సగం దిగడం అలవాటవడమే. ఇంకో కారణం, ఇంటి దగ్గర తాజాగా ఉన్నప్పుడు కొడతాడు. అక్కడ మైలు పరిగెత్తి, ఊపిరి అందకముందే కడ్డీ కింద నిలబెడతారు. కాబట్టి వారానికి ఒక్కసారైనా టైమ్ పెట్టుకుని 1600 పరిగెత్తిన వెంటనే బీమ్ కొట్టు. అప్పుడు వచ్చిన అంకే నీ అసలు అంకె.

పెంచడానికి పెద్ద రహస్యం లేదు. రోజు విడిచి రోజు, ఏడు కొట్టగలిగినవాడివి ఏడు కొట్టకు, నాలుగు చొప్పున ఐదారు సెట్లు కొట్టు. మధ్యలో రెండు నిమిషాలు విశ్రాంతి. చివర్లో కుర్చీ ఎక్కి గడ్డం పైన పెట్టుకుని, ఐదు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగు. అలా మూడు నాలుగుసార్లు. రెండు వారాలకోసారి సెట్‌కి ఒకటి పెంచు. ఒక్కటి కూడా రానివాళ్లు వేలాడటంతోనూ, ఈ దిగడంతోనూ మొదలుపెట్టండి. మోచేయి లోపలి వైపు నొప్పి వస్తే వారం ఆపేయండి, మొండితనం చూపించొద్దు. ఒకటి రెండు కిలోల అనవసరపు బరువు పోతే బీమ్ దానంతటదే పెరుగుతుంది.

పరుగు. 400 మీటర్ల ట్రాక్ మీద 5:30 అంటే రౌండ్‌కి 82న్నర సెకన్లు. నీ 5:41ని రౌండ్లుగా ఎప్పుడైనా విడగొట్టి చూశావా? చూసి ఉండవు. స్నేహితుడి చేతికి ఫోన్ ఇచ్చి ప్రతి రౌండ్ టైమ్ రాయించు. నేను చూసినవాళ్లలో పదిమందికి ఎనిమిదిమంది మొదటి రౌండ్ 74లో, మూడోది 92లో పరిగెడతారు. నాకూ అదే జబ్బు. మొదటి రౌండ్ 81లో పరిగెత్తడం నేర్చుకుంటే, బలమేమీ పెరగకుండానే చాలా సెకన్లు తగ్గుతాయి. మనకంటే ముందు వందమంది పోతుంటే ఆగడం కష్టం. అది కాళ్ల కంటే తలకు ఇవ్వాల్సిన ట్రైనింగ్.

వారానికి ఒకరోజు 400 చొప్పున ఆరు, ఒక్కోటి 80 నుంచి 82లో, మధ్యలో రెండు నిమిషాలు నడక. ఒకరోజు ఐదారు కిలోమీటర్లు, పక్కవాడితో మాట్లాడగలిగేంత నింపాదిగా. ఒకరోజు రెండున్నర, మూడు కిలోమీటర్లు కాస్త గట్టిగా. మిగతా రోజుల్లో బీమ్, గొయ్యి దూకడం, ఒకరోజు పూర్తి విశ్రాంతి. అంతే. రోజూ పది కిలోమీటర్లు అని మొదలుపెట్టినవాళ్లకు మూడో వారంలో కాలి ముందు ఎముక వెంట నొప్పి పట్టుకుంటుంది, ఆపై నెల పోతుంది. ఆ నొప్పి ఒకచోట వేలు పెడితే గుచ్చినట్టుంటే అది ఎముక చిట్లడం కావచ్చు, డాక్టర్‌కి చూపించాలి.

ఒక చిన్న లెక్క చెప్తాను, నాకిది చాలా ఆలస్యంగా తెలిసింది. గుండ్రటి ట్రాక్ మీద లోపలి గీతకు ఒక మీటరు బయట పరిగెత్తినవాడు రౌండ్‌కి ఆరు మీటర్లకు పైగా ఎక్కువ పరిగెడతాడు. నాలుగు రౌండ్లకు 25 మీటర్లు. 5:30 వేగంలో అది ఐదు సెకన్లు. గుంపులో అందరినీ బయటి నుంచి దాటుకుంటూ పోయేవాడు ఆ ఐదు సెకన్లు ఊరికే పోగొట్టుకుంటాడు. దాటేది ఉంటే నిటారు భాగంలో దాటు, మలుపులో లోపలికి సర్దుకో. ఈల ఊదగానే తోపులాట ఉంటుంది, మరీ ముందు వరుస మధ్యలో నిలబడకు, కిందపడితే తొక్కేస్తారు. చాలాసార్లు చీకటి ఉండగానే పరుగు పెట్టేస్తారు కాబట్టి నెలకు రెండు మూడుసార్లు తెల్లవారుజామున లేచి టైమ్ చూసుకో. ఎవడైనా ఇంజెక్షనో, బిళ్లో ఇచ్చి "ఇది వేసుకుంటే గాల్లో తేలిపోతావ్" అంటే తీసుకోకు. నిషేధం సంగతి అలా ఉంచు, ఆ మందుతో గుండె మీద పడే భారం ఎంతో నీకూ తెలియదు, ఇచ్చేవాడికీ తెలియదు.

పరీక్ష ఒకసారి పాసయ్యావు గానీ, ఆ మార్కులు ఈ ఏడాదికి పనికిరావు. మళ్లీ రాయాలి. జనరల్ డ్యూటీకి 50 ప్రశ్నలు, 100 మార్కులు, గంట టైమ్. జీకే 15, సైన్స్ 15, లెక్కలు 15, రీజనింగ్ 5. ఇప్పుడు తెలుగులో కూడా రాయవచ్చు. ఒప్పుకి 2, తప్పుకి అర మార్కు కోత. 35 వస్తే పాస్ అంటారు గానీ పిలుపు వచ్చేది మెరిట్‌ని బట్టి కాబట్టి 35ని గురిగా పెట్టుకోకు. మొదటి ఏడాది నెగెటివ్ భయంతో 17 ప్రశ్నలు వదిలేశానని రాశావు. అదే నిన్ను ముంచింది. నాలుగు తప్పులైతే ఒక ఒప్పు పోతుంది. నాలుగు జవాబుల్లో రెండు కచ్చితంగా కావని తెలిస్తే మిగతా రెండింట్లో ఒకటి పెట్టడం లాభమే. అసలేమీ తెలియనివి వదిలేసినా పెద్ద నష్టం లేదు. ఆరు నుంచి పదో తరగతి సైన్స్, లెక్కల పుస్తకాలు తిరగెయ్, కోచింగ్ మెటీరియల్ గుట్టల కంటే అవే నయం. ఎన్‌సీసీ సర్టిఫికెట్ ఉంటే బోనస్ మార్కులు ఉంటాయి, అప్లికేషన్‌లోనే రాయడం మర్చిపోకు.

కాగితాల దగ్గర మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక తలనొప్పి ఉంది, ఇంటిపేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుండి పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, కుల ధ్రువపత్రంలో అసలు ఉండదు. తండ్రి పేరులో ఒక చోట రావు, ఒక చోట ఉండదు. టెన్త్ మెమోనే ఆధారం. మిగతావన్నీ దానికి సరిపోయేలా మార్చుకో, దాన్ని మార్చబోకు. నడవడిక సర్టిఫికెట్, పెళ్లి కాలేదన్న సర్టిఫికెట్ ఫొటోతో ఉండాలి, ఆరు నెలల లోపువి కావాలి. గతేడాదివి పట్టుకెళ్లకు. మొత్తం లిస్టు నోటిఫికేషన్‌లో ఉంటుంది, అఫిడవిట్ నమూనాతో సహా. గుంటూరు, విశాఖపట్నం, సికింద్రాబాద్ రిక్రూటింగ్ ఆఫీసులు వేటికవే నోటిఫికేషన్ ఇస్తాయి, నీ జిల్లా దేని కిందికి వస్తుందో చూసి అదే చదువు. యూట్యూబ్‌లో వేరే రాష్ట్రం ర్యాలీ గురించి చెప్పింది నమ్మి వెళ్లొద్దు.

మూడు లక్షల మనిషి గురించి. ఇందులో ఉన్న కిటుకు చెప్తాను. వాడు పదిమంది దగ్గర మాట తీసుకుంటాడు. ఎవరికీ ఏమీ చేయడు. ఆ పదిమందిలో ఇద్దరు ముగ్గురు వాళ్ల కష్టంతో వాళ్లే పాసవుతారు. "చూశావా, నేను చేయించాను" అని వాళ్ల డబ్బు ఉంచుకుంటాడు. మిగతావాళ్లకు "ఈసారి కుదర్లేదు, వచ్చేసారి" అంటాడు, బాగా గొడవ చేస్తే సగం తిరిగిస్తాడు. పెట్టుబడి సున్నా. కొందరు ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా తమ దగ్గర పెట్టుకుంటారు, ఇక ఆ కుర్రాడు ఎటూ కదల్లేడు. నువ్వు కట్టాల్సింది అప్లికేషన్ ఫీజు 250 రూపాయలే. ఆ మూడు లక్షల్లో పదోవంతు చెవికి, చర్మానికి ఖర్చు పెట్టమని నాన్నకు చెప్పు.

నాన్న సంగతికి వద్దాం. ఆయన వద్దంటున్నారని నువ్వు కోపంగా రాశావు. నాకు ఆయన మాటలో తప్పు కనబడలేదు. 2022లో వచ్చిన అగ్నిపథ్ పద్ధతి ప్రకారం సర్వీసు నాలుగేళ్లు. ఆ తర్వాత ఉంచుకునేది గరిష్ఠంగా 25 శాతం మందినే. మిగతావాళ్లు చివర్లో ఒకేసారి ఇచ్చే సేవానిధి డబ్బు తీసుకుని బయటకు రావాలి, పెన్షన్ లేదు. మా రోజుల్లో భర్తీ అయితే జీవితం గట్టెక్కినట్టే. ఇప్పుడు అది నిజం కాదు. ఆయన భయం అదే అయ్యుంటుంది. "నాకు ఆర్మీ అంటే ప్రాణం" అని వాదించకు. ఎన్నిసార్లు ప్రయత్నిస్తావో, ఏ తేదీ వరకో చెప్పు. నోటిఫికేషన్‌లో పుట్టిన తేదీల పరిధి ఇస్తారు, అది చూస్తే నీకు ఒకటా, రెండా మిగిలాయో తేలిపోతుంది. ఈలోపు డిగ్రీ ఆపనని కూడా చెప్పు. ఇంటర్ తర్వాత రెండేళ్లు ఖాళీగా గ్రౌండ్‌లో తిరిగినవాణ్ణి చూసి ఏ తండ్రికి నిద్ర పడుతుంది?

ఇంకా వేరే తలుపులూ తట్టి ఉంచు. ఎయిర్‌ఫోర్స్ అగ్నివీర్ వాయుకి ఎత్తు 152 సెంటీమీటర్లు చాలు, నేవీకి 157. మన రాష్ట్రాలవాళ్లకు ఆర్మీ జనరల్ డ్యూటీకి 166 కావాలి కాబట్టి, ఎత్తు తగ్గి ఏడ్చేవాళ్లకు ఆ రెండూ గుర్తుకురావాలి. ఇంటర్ మార్కులు, ఇంగ్లిష్ మార్కుల షరతులు మాత్రం జాగ్రత్తగా చదువు. బీఎస్ఎఫ్, సీఆర్‌పీఎఫ్, సీఐఎస్ఎఫ్‌లకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) పెట్టే కానిస్టేబుల్ జీడీ (జనరల్ డ్యూటీ) పరీక్షకు వయసు 23 దాకా ఉంది, ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీ ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు. అక్కడ మగవాళ్లకు ఎత్తు 170, ఎస్టీలకు 162న్నర. పరుగు 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో, అంటే మైలు పరుగువాడు ఇంకో రకంగా తయారవ్వాలి. అదీ తెలుగులో రాయవచ్చు. అది పర్మనెంట్ ఉద్యోగం, నాన్నకు ఈ మాట నచ్చుతుంది. ఎత్తు 167 అని రాశావు కాబట్టి నువ్వు ఎస్టీ కాకపోతే ఇది నీకు పడదు, మిగతావాళ్ల కోసం చెప్పాను. నీకు నేవీ, ఎయిర్‌ఫోర్స్ రెండూ పడతాయి. వాటికీ మెడికల్‌లో చెవి చూస్తారు, తిరిగి తిరిగి అక్కడికే వస్తున్నాం.

నీ స్నేహితుడు సెలెక్ట్ అయి వెళ్లిపోయాడనీ, బయట మొహం చూపించలేకపోతున్నాననీ చివర్లో రాశావు. నేను రెండోసారి తిరిగొచ్చినప్పుడు వారం రోజులు వెనక దారిలో తిరిగాను. తర్వాత తెలిసింది, ఎవరూ నా గురించి అంతగా ఆలోచించనే లేదు. వాడి ఫోన్ నంబరు నీ దగ్గర ఉంటుంది కదా, సెలవు మీద వచ్చినప్పుడు వాడితో నాలుగు రోజులు పరిగెత్తు. రౌండ్ టైమ్‌లు రాయడానికి వాడికంటే మంచి మనిషి దొరకడు.

ఇప్పుడు చేయాల్సింది ఒకటి. ఆ మెడికల్ స్లిప్ పారేయలేదు కదా? వెతుకు. దాని మీద ఎడమ చెవి, తామర రెండే రాశారా, ఇంకేదైనా ఉందా చూడు. డాక్టర్ రాత అర్థం కాకపోతే ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లేటప్పుడు దాన్నే పట్టుకెళ్లు. ఫొటో తీసి అందరికీ పంపొద్దు, దాని మీద నీ వివరాలన్నీ ఉంటాయి. ఆయన రంధ్రం సైజు, ఆడియోమెట్రీ గురించి ఏమన్నాడో, నీ నాలుగు రౌండ్ల టైమ్‌లు ఎంతెంత వచ్చాయో రెండూ కలిపి రాయి. వాటిని బట్టి నెలవారీగా ఏం చేయాలో అప్పుడు చెప్తాను.